కొర్రమీను అనబడు మా ఫంగసు

మొన్నామధ్య మా అమ్మకి లక్డీకాపూల్లో ఒక ఆసుపత్రిలో ఆపరేషనయింది. పెద్దదేం కాదు, కానీ కుట్లు పడ్డాయి. డిశ్చార్జ్ అయ్యాక అమీర్‌పేటలో నా రూముకే తీసుకొచ్చాను. రోజు విడిచి రోజు డ్రెస్సింగుకి మెట్రోలో లక్డీకాపూల్ వెళ్ళడం, రావడం. ఊరినుంచి ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ ఒకటే మాట: "అమ్మకి కొర్రమీను పెట్టరా, కుట్లు తొందరగా మానతాయి". మా పిన్నయితే రోజూ ఫోన్ చేసి అటెండెన్స్ తీసుకునేది.

నాకా వంట రాదు. బతికున్న కొర్రమీనుని పట్టుకునే ధైర్యం అంతకన్నా లేదు. అందుకని ఆసుపత్రి దగ్గర్లోనే పేరున్న ఒక హోటల్లో పార్సిల్ కట్టించుకునేవాణ్ణి. మెనూలో స్పష్టంగా ఉంది, 'కొర్రమీను పులుసు, బోన్‌లెస్', 420 రూపాయలు. కొర్రమీనుకి మధ్యలో ముల్లు ఒకటే కదా, అదీ తీసేసి ఎందుకమ్ముతున్నారబ్బా అని మొదటిరోజు అడిగాను. "పేషెంటుకే కదా సార్, బోన్‌లెస్సే మంచిది" అన్నాడు వెయిటరు. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. అలా ఎనిమిది పార్సిళ్ళు అయ్యాయి.

తొమ్మిదో పార్సిల్ రోజు నాన్న ఊర్నించి దిగాడు. మాది కైకలూరు దగ్గర ఒక పల్లెటూరు, కొల్లేరు పక్కన. నాన్నకి ఇరవయ్యేళ్ళుగా చేపల చెరువులే లోకం. ఆ చెరువుల మీదే నా ఇంజనీరింగు ఫీజులు కట్టాడు. అమ్మ కంచంలోంచి ఒక ముక్క తీసి, వేళ్ళతో విడదీసి, వాసన చూసి, నోట్లో వేసుకున్నాడు. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు.

"ఒరేయ్, ఇది కొర్రమీను కాదు. ఫంగసు."

"బోన్‌లెస్ కదా నాన్నా, అందుకని అలా అనిపిస్తుందేమో..."

"నాకు చెప్తావేంట్రా? కొర్రమీను కండ గట్టిగా ఉంటది. ఇది చూడు, నీళ్ళొదిలేసి దూదిలా ఎలా విడిపోతందో. ఏటా టన్నులకి టన్నులు లారీ ఎక్కించేది నేనే."

అదండీ సంగతి. మా నాన్న పెంచి, కిలో ఎనభై రూపాయలకి అటూ ఇటూగా అమ్ముకునే చేపనే, నేను హైదరాబాదులో ప్లేటు 420 పెట్టి, వేరే చేప పేరుతో, తొమ్మిది రోజులు కొన్నాను. తెలియని వాళ్ళ కోసం: ఫంగసు అంటే బూజు కాదు. పంగాసియస్ అనే చేపని మా వైపు అలా పిలుస్తారు. మీరు హోటళ్ళలో, సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో 'బాసా' అని చూసేది ఎక్కువగా ఇదే. నిజానికి మెకాంగ్ నదిలో బాసా అనే చేప వేరే ఉంది, దీనికి దగ్గర బంధువు. అంటే ఆ పేరు కూడా అరువు తెచ్చుకున్నదే! పొలుసుండదు, నీచువాసన తక్కువ, ముళ్ళు తియ్యడం తేలిక, తొందరగా ఎదుగుతుంది. దేశంలో దీన్ని భారీగా పెంచేది మన ఆంధ్రాలోనే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. అమ్మకి కుట్లు చక్కగా మానాయి. ఫంగసుతోనే మానాయి. డాక్టర్ని అడిగితే "ప్రోటీన్ ఏదైనా ఒకటే" అని నవ్వాడు. కాబట్టి ఇది విషం పెట్టారు మొర్రో అనే గోల కాదు. ఫంగసు మంచి చేపే, మా ఇంటి అన్నం అదే. నా బాధంతా పేరు గురించి.

పేరులో ఏముందిలే అనుకునేవాళ్ళకి మా టీంలో ఉన్న ఒక పాతబస్తీ మిత్రుడి సంగతి చెప్పాలి. వాళ్ళు షియాలు. వాళ్ళ మతాచారం ప్రకారం పొలుసున్న చేపే తినాలి, పొలుసు లేనిది నిషిద్ధం. కొర్రమీనుకి పొలుసుంటుంది, ఫంగసుకి ఉండదు. టీం లంచ్‌లో అందరం అపోలో ఫిష్ లాగిస్తుంటే అతను పప్పన్నం తినేవాడు. చేప ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి. ఈ పార్సిల్ కథ చెప్పినప్పుడు అసలు విషయం చెప్పాడు: "హోటల్లో చేప తినడం ఎప్పుడో మానేశాను భాయ్. అడిగితే అందరూ కొర్రమీనే అంటారు." ఒక మనిషి నమ్మకం ఇక్కడ వెయిటరు నోటిమాట మీద ఆధారపడి ఉంది. మన దేశంలో బిస్కెట్ పాకెట్ మీద కూడా ఆకుపచ్చ చుక్క ఉంటుంది. తినేవాడి ఆచారం కోసం సమాచారం ఇవ్వాలన్న సూత్రాన్ని మన చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఆ సూత్రం చేప దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది?

సరే, అసలు చట్టం ఏం చెబుతుందో చూద్దామని కూర్చున్నాను. ఒక శనివారం పూర్తిగా దానికే పోయింది.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది, 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. అందులో 50వ సెక్షను ప్రకారం, కొనేవాడు అడిగిన స్వభావం, పదార్థం, నాణ్యత కాకుండా వేరేది అంటగడితే 5 లక్షల దాకా జరిమానా. తప్పుడు పేరుతో అమ్మితే 52వ సెక్షను కింద 3 లక్షల దాకా. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 53వ సెక్షను కింద 10 లక్షల దాకా. అంటే 'కొర్రమీను' అని రాసి ఫంగసు పెట్టడం ఇవాళ కూడా నేరమే, కొత్త చట్టం అక్కర్లేదు.

మరి నిరూపించడం ఎలా? దానికీ 40వ సెక్షనుంది. మామూలు కొనుగోలుదారుడు కూడా ఫీజు కట్టి ఆహారాన్ని ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఫీజు వాపసు ఇస్తారు. చాలా బాగుంది కదా? చిన్న మెలిక ఏంటంటే, పరీక్షకి పంపించబోతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి! ఊహించుకోండి: "బాబూ, ఒక కొర్రమీను పులుసు, రెండు రోటీ, దీన్ని నేను లాబుకి పంపిస్తున్నాను." ఆ రోజు మాత్రం ఖచ్చితంగా అసలు కొర్రమీనే వస్తుంది. టెస్టరు వస్తున్నాడని డెవలపరుకి ముందే చెబితే డెమో ఎంత బాగా నడుస్తుందో మనకి తెలీదూ?

ఇదంతా అబద్ధం రాసిన మెనూ సంగతి. అసలు ఏమీ రాయని మెనూ పరిస్థితేంటి? మన హైదరాబాదు బార్లలో, రెస్టారెంట్లలో రాజ్యమేలే అపోలో ఫిష్ సంగతే తీసుకోండి. అపోలో అనే చేప ఏ నదిలోనూ లేదు, ఏ సముద్రంలోనూ లేదు. అది వంటకం పేరు. కొర్రమీనుతో చేస్తారని పాతవాళ్ళ నమ్మకం. ఇవాళ బాసాతో చేసినా చట్టం ప్రకారం అబద్ధమేమీ లేదు, ఎందుకంటే మెనూ 'ఫిష్' అని మాత్రమే మాటిచ్చింది. ఫిష్ ఫింగర్, చిల్లీ ఫిష్, ఫిష్ బిర్యానీ అన్నీ ఇదే కోవ.

2020లో లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనలు కొత్తగా వచ్చాయి. 2022 జూలై నుంచి, కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్ళూ, పది, అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్ళూ మెనూలో ప్రతి వంటకానికీ కేలరీలు చూపించాలి. ఎలర్జీ కలిగించే పదార్థాల సమాచారమూ ఇవ్వాలి. ఆ జాబితాలో చేప కూడా ఉంది. అంటే ప్లేటులో ఎన్ని కేలరీలున్నాయో చెప్పాలి, చేప ఉందని చెప్పాలి, కానీ ఏ చేపో చెప్పక్కర్లేదు!! మెనూ అచ్చువేసే ఖర్చు ఎలాగూ పెట్టారు కదా, ఇంకొక్క మాట పడితే ఏం పోయింది?

2024 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్సు వాళ్ళు నగరంలో హోటళ్ళ మీద వరసగా తనిఖీలు చేసి, ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టారు. బొద్దింకలు, గడువు దాటిన మసాలాలు, సింథటిక్ రంగులు చూసి మనమంతా ఛీ ఛీ అనుకున్నాం. ఆ నివేదికల్లో పదే పదే కనిపించే వాక్యం ఒకటుంది: ఫ్రిజ్‌లో దాచిన పదార్థాల మీద లేబుళ్ళు లేవు అని. చూశారా, లోపల ఫ్రిజ్‌లో డబ్బా మీద ఏముందో రాయాలి. బయట డబ్బులిచ్చి తినేవాడి బల్ల మీద మాత్రం అవసరం లేదు. సమాచారం సిస్టంలో ఉంది, స్క్రీన్ మీద చూపించడంలేదు, అంతే. మనవాళ్ళు దీన్ని అరగంట పని అంటారు.

ఇప్పుడు కథలో నాకు ఎక్కువ నచ్చిన, ఎక్కువ నొప్పి పుట్టించిన భాగం. లూసియానాలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరిన స్నేహితుడు ఒకడు ఓ హోటలు మెనూ ఫొటో పంపాడు. కింద ఒక వాక్యం, తమ రొయ్యలు విదేశాల్నించి దిగుమతి చేసుకున్నవని. ఆ రాష్ట్రం 2019లో చట్టం చేసింది: దిగుమతి రొయ్యలు గానీ క్రాఫిష్ గానీ వడ్డించే హోటలు ఆ ముక్క కస్టమరుకి కనబడేట్టు రాయాలి. 2025 జనవరి నుంచి దాన్నింకా గట్టి చేశారు. దగ్గర్లోని అలబామాలో 2024 అక్టోబరు నుంచి అలాంటి చట్టమే వచ్చింది. అమెరికాకి 2024 దాకా రొయ్యలు ఎక్కువగా పంపింది మనదేశమే, అందులో సింహభాగం ఆంధ్రా చెరువులదే. అంటే భీమవరం రొయ్య లూసియానా వెళితే "ఇది బయటిది" అని బోర్డు కడతారు. కైకలూరు చేప లక్డీకాపూల్ వస్తే పేరే మార్చేస్తారు.

అక్కడ మోసం లేదని కాదు. 2013లో ఓషియానా అనే సంస్థ 21 రాష్ట్రాల్లో 674 చోట్లనించి 1,215 చేప నమూనాలు తీసుకుని డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే, మూడోవంతు తప్పుడు పేర్లే అని తేలింది. మిసిసిపీలోని బిలాక్సీలో మేరీ మహోనీస్ అనే పేరుమోసిన పాత రెస్టారెంటు 2013 నుంచి 2019 దాకా దాదాపు 58,750 పౌన్ల చేపని స్థానిక మేలురకమని అమ్మింది. మన లెక్కలో 26 వేల కిలోల పైచిలుకు. అవి ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మనదేశం నుంచి వచ్చిన గడ్డకట్టిన చేపలని 2024లో కోర్టులో ఒప్పుకుంది. తేడా ఏంటంటే, అక్కడ దొరికిపోయింది, భారీగా కట్టింది. చేప పేర్ల మీద అమెరికావాళ్ళ పట్టుదల ఎంతటిదంటే, 2002లో ఏకంగా చట్టం చేసి 'క్యాట్‌ఫిష్' అనే పేరుని వాళ్ళ జాతికే రిజర్వు చేసుకున్నారు. వియత్నాం నుంచి వచ్చేవి బాసా, ట్రా లాంటి పేర్లతోనే అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ చట్టం వెనక సొంత రైతుల స్వార్థం ఉందనుకోండి, అది వేరే కథ. ఐరోపాలో 2014 డిసెంబరు నుంచి దుకాణంలో అమ్మే చేపకి శాస్త్రీయ నామంతో సహా రాయాలి.

డీఎన్‌ఏ అనగానే మన ఐటీ బుర్రలకి ఉత్సాహం వస్తుంది, టెస్టింగు పెట్టేస్తే సరి అని. నాకూ వచ్చింది. సదుపాయానికి లోటు లేదు కూడా. అత్తాపూర్లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ఉంది, జంతుజాతుల్ని డీఎన్‌ఏతో గుర్తించడంలో దేశానికే పేరున్న చోటు. చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. ఫంగసుకీ కొర్రమీనుకీ తేడా చెప్పడం వాళ్ళకి లెక్కలోది కాదు.

కానీ పులస దగ్గరకొచ్చేసరికి ఈ తెలివి పనిచెయ్యదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, ఆ చేప సముద్రంలో ఉన్నప్పుడు విలస. వరదల సమయంలో గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చాక పులస. ఆ ఈతకే ఆ రుచి, ఆ రుచికే కిలో వేల రూపాయల ధర. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చిన ఇలసని గోదావరి పులస అని అంటగట్టడం ఏటా వినే గొడవే. డీఎన్‌ఏకి పంపితే ఏమొస్తుంది? రెండూ ఒకే జాతి. జాతి ఏదో టెస్టు చెప్పగలదు గానీ, చేప ఏ నీళ్ళలో ఈదిందో చెప్పలేదు. దానికి కావలసింది కాగితం: ఎవరు పట్టారు, ఎక్కడ పట్టారు, ఎవరికి అమ్మారు. కాబట్టి లాబు ఆఖరి అస్త్రం మాత్రమే, మొదటి మెట్టు బిల్లే. లైసెన్సున్న హోటలు లైసెన్సున్నవాళ్ళ దగ్గరే సరుకు కొని, లెక్క రాసి ఉంచాలని నిబంధన ఇప్పటికే ఉంది. ఆ బిల్లులో చేప పేరు ఉంటుంది. ఎనభై రూపాయల చేపకి కొర్రమీను అని ఏ హోలుసేలరూ బిల్లు రాయడు కదా!

మళ్ళీ డ్రెస్సింగుకి వెళ్ళినరోజు నేనూ నాన్నా ఆ హోటలుకెళ్ళాం. గొడవ పెట్టుకోవడానికి కాదు (నాన్నకి ఆ ఉద్దేశం ఉంటే ఉండొచ్చు). మేనేజరు మొదట "అసలు మురలే సాబ్" అన్నాడు. నాన్న తను ఎవరో, ఏం పెంచుతాడో చెప్పాక కాస్త తగ్గి, కుర్చీ వేసి టీ తెప్పించాడు. "మీకు తెలీనిదేముంది సార్. కొర్రమీను బతికున్నది తేవాలి, రోజూ దొరకదు, రేటు చూస్తే అలా ఉంది. అందరూ ఇదే వేస్తున్నారు. మెనూలో ఫంగస్ అని రాస్తే ఎవడు తింటాడు, మీరే చెప్పండి?"

నిజాయితీగా చెప్పాలంటే ఆ ఆఖరి ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. ఫంగస్ పులుసు అని మెనూలో కనబడితే నేను కూడా పేజీ తిప్పేస్తాను. కానీ దానికి మందు పేరు మార్చుకోవడం, పక్కవాడి పేరు దొంగిలించడం కాదు. పటగోనియన్ టూత్‌ఫిష్ అంటే ఎవరూ కొనడంలేదని అమెరికాలో చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టారు. అక్కడి ప్రభుత్వం 1994లో ఆ పేరుని ఒప్పుకుంది కూడా. 2021లో గుజరాత్ ప్రభుత్వం డ్రాగన్ ఫ్రూటుకి కమలం అని పేరు పెట్టింది. మనకి చేపకి మంచి పేరు పెట్టేవాళ్ళు లేరా? మత్స్యశాఖ మత్స్యభవన్ లక్డీకాపూల్‌కి పక్కనే మాసాబ్‌ట్యాంకులో ఉంది. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు మన హైదరాబాదులోనే ఉంది, అచ్చం చేప ఆకారంలో కట్టిన భవనంలో! చేప ఆకారంలో ఆఫీసు కట్టగలిగిన నగరం, చేపకి నిజమైన పేరు రాయించలేదా?

ఇక అభ్యంతరాలు. చట్టం పెడితే ఇనస్పెక్టర్లకి మామూళ్ళు పెరుగుతాయి అంటారు. నిజమే, అందుకే వీధి చివర బండినీ, చిన్న మెస్సునీ వదిలెయ్యమంటాను. కేలరీలు రాస్తున్న పెద్ద హోటళ్ళతోనే మొదలుపెట్టాలి, మూడు నాలుగేళ్ళు చూసి కిందకి దించాలి. చేప రోజుకొకటి మారుతుంది కదా అంటారు. మారనివ్వండి, గోడకి పలక కట్టి 'ఈరోజు చేప: బాసా, చెరువుది' అని చాక్‌పీసుతో రాస్తే చాలు. టిఫిన్ సెంటర్లలో రోజూ 'నేటి స్పెషల్' రాయడంలేదూ? ధరలు పెరుగుతాయి అంటారు. నాకైతే తగ్గుతాయనిపిస్తోంది. బాసా అని రాశాక 420 అడగడం కష్టం.

కాబట్టి నేను కోరేది ఇంతే. మెనూలో 'ఫిష్' అన్నచోట చేప పేరు రాయాలి. కొనుగోలు బిల్లులో పేరు, మెనూలో పేరు ఒకటే ఉండాలి, తనిఖీకి వచ్చినవాళ్ళు బొద్దింకలతోపాటు అదీ చూడాలి. ఏడాదికి కొన్ని నమూనాలు చెప్పాపెట్టకుండా లాబుకి పంపి, ఫలితాలు పేర్లతో సహా బయటపెట్టాలి. హలీం తయారీదార్లు పట్టుబట్టి 2010లో 'హైదరాబాద్ హలీం' పేరుకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. పేరుకి విలువుందని ఈ ఊరికి తెలుసు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే కదా, రాష్ట్ర చేప పేరుని ఇలా ఎవరుపడితే వాళ్ళు వాడేసుకుంటుంటే ఊరుకుంటామా?

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నాన్నని అడిగాను, నాకన్నా నీకే ఎందుకు అంత కోపమొచ్చిందని. ఆయన చెప్పింది ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతోంది.

"నువ్వు పోగొట్టుకుంది డబ్బేరా. అమ్మ అయితే లొట్టలేసుకుని తింది, బాగుందంది. ఆ బాగున్నది మా చేప. పేరు మాత్రం కొర్రమీనుకి పోయింది. బాగుంటే కొర్రమీను, వాసనొస్తే ఫంగసు. ఇట్టాగైతే మా చేపకి రేటెప్పుడొస్తది?"

నేనింతసేపూ దీన్ని వినియోగదారుడి హక్కు అనే చూశాను. పెంచినవాడి హక్కు కూడా అని ఆయన చెప్పేదాకా తట్టలేదు. మన కోడ్ కింద ఇంకొకడు పేరు రాసుకుంటే మనమెంత గోల చేస్తాం?

తా.క.: అమ్మ ఊరెళ్ళిపోయింది. వెళ్ళేముందు రోజు నాన్న రాంనగర్ మార్కెట్‌కెళ్ళి బతికున్న కొర్రమీను తెచ్చి తనే వండాడు. రుచి ఎలా ఉందమ్మా అంటే, "హోటల్దే కాస్త మెత్తగా బాగుందిరా" అంది. నాన్న మొహంలో ఆ వెలుగు చూడాలి!

మీ ఊళ్ళో హోటల్లో ఈసారి చేప ఆర్డరిచ్చేటప్పుడు ఏం చేపో ఒకసారి అడిగి చూడండి. ఏం జవాబొచ్చిందో నాక్కూడా చెప్పండి.